రాత్రిబడి ఏ కాలంలో నడిచిందో కనుక్కునే పద్ధతి

ఊరివాళ్లే చందాలు వేసుకుని గుడి మండపంలోనో మసీదు వసారాలోనో నడిపిన రాత్రిబడుల గురించి పెద్దవాళ్ల మాటలను రికార్డు చేసేటప్పుడు, ‘అది ఏ సంవత్సరం?’ అని అడగ్గానే అంతవరకు సాగిన కథ ఆగిపోతుంది.

సంవత్సరం అడగడం మానేసి, అందరికీ గుర్తుండే నాలుగైదు సంఘటనలను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని వెళ్లండి. కర్నూలు వైపైతే, ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 కాలం, 1975 నాటి ఎమర్జెన్సీ, స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం తమ మీద పడుతుందని జనం భయపడిన 1979 జూలై, 2009 అక్టోబరు వరద సరిపోతాయి. ‘స్కైలాబ్ పడుతుందన్నప్పటికి బడి నడుస్తోందా పెద్దమ్మా, నిలిచిపోయిందా?’ అని అడిగితే, జవాబుతో పాటు లాంతరుకు కిరసనాయిలు ఎవరింటి నుంచి వచ్చేదో, పలకలు లేని పిల్లలు ఇసుకలో ఎలా దిద్దేవారో కూడా బయటికి వస్తాయి. నిజానికి మనకు కావలసింది అదే. ఆ తర్వాత, అప్పటికి పెద్దకొడుకు పుట్టాడా లేదా అన్న ఇంటి గుర్తుతో కాలాన్ని ఇంకా దగ్గరికి తేవచ్చు. తేలినదాన్ని ‘1975–79 మధ్య’ అనే రాయాలి తప్ప ఒక్క సంవత్సరానికి కుదించకూడదు.

ఆ రోజుల్లో వలస వెళ్లి ఊళ్లో లేనివాళ్ల దగ్గర, ఇతరులు చెప్పగా విన్నదాన్నే చూసినట్టు చెప్పేవాళ్ల దగ్గర ఈ పద్ధతి తప్పు కాలాన్ని చూపిస్తుంది కాబట్టి, ప్రతి సంఘటనకూ ముందు ‘అప్పుడు మీరెక్కడున్నారు?’ అని తప్పక అడగాలి.