ఇద్దరి భోజనానికి రొయ్యల జిల్లేడుకాయలు

కోనసీమలో జిల్లేడుకాయలంటే వినాయక చవితి, బియ్యప్పిండి మడతలో కొబ్బరి లౌజు, అంటే బెల్లంతో ఉడికించిన కొబ్బరి. అదే పిండిలో రొయ్యల కూర పెట్టి ఆవిరికి ఉడికిస్తే ఇద్దరికి మంచి రాత్రి భోజనం. ఈ కొలతకి పన్నెండు వస్తాయి.

కూర పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. పిండి మాత్రం ఆగదు, చుట్టేముందే కలపాలి.

ఒలిచిన రొయ్యలు 200 గ్రాములు కావాలి. తలకాయలతో కొంటే 400 తీసుకోండి. వీపు మీద నల్ల నరం లాగేసి, ఉప్పూ పసుపూ వేసి కడిగి, శనగగింజంత ముక్కలు కోయండి. రెండు చెంచాల నూనెలో ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి సన్నగా తరిగి వేయించి, అర చెంచా అల్లంవెల్లుల్లి, కారం, ఉప్పు, ఆపైన రొయ్యలు వేయండి. రొయ్యలు నీరు వదులుతాయి. మంట పెంచి ఆ నీరంతా ఇగిరిపోనివ్వాలి. దించేముందు రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము కలిపితే మిగిలిన చెమ్మ పీల్చుకుంటుంది. తడి కూర పెడితే అడుగు నాని చిరుగుతుంది, వేడి కూర పెడితే అంచు విడిపోతుంది.

పిండికి గ్లాసు నీళ్లలో ఉప్పు, చెంచా నూనె వేసి తెర్లనిచ్చి, పొయ్యి కట్టేసి, గ్లాసు పొడి బియ్యప్పిండి పోసి గరిటె కాడతో తిప్పి మూత పెట్టండి. పది నిమిషాలయ్యాక, చెయ్యి ఓర్చుకోగలిగే వేడి మీదే మెత్తగా మర్దించాలి. చల్లారిపోతే ఎంత పిసికినా పగులుతుంది. ఒక ఉండ నొక్కి చూడండి: అంచులు చీలితే వేణ్ణీళ్లు చెంచా చొప్పున చిలకరించండి. పాత బియ్యం పిండి ఎక్కువ నీళ్లు తాగుతుంది. తడిపిండి అయితే ముప్పావు గ్లాసు నీళ్లే చాలు.

ఇక్కడ రెండు జతల చేతులుంటే పని తేలిక. ఒకరు నూనె రాసిన అరిటాకు మీద నిమ్మకాయంత ఉండని నొక్కాలి, మధ్య కాస్త మందం, అంచు పల్చన. ఇంకొకరు చెంచాడు కూర పెట్టి మడిచి అంచు నొక్కాలి. ఆశపడి ఎక్కువ కుక్కొద్దు. మిగతా పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచండి.

ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాకే అరిటాకు ముక్కలు పరిచి పెట్టండి. పది నిమిషాలు. పైన నిగనిగలాడుతూ, తడి వేలికి అంటకపోతే ఉడికినట్టే. దించాక మూడు నిమిషాలు ఆగి తీయండి, లేకపోతే ఆకుకే అతుక్కుంటాయి. పక్కన అల్లం పచ్చడి చాలు.

మర్నాటికి గట్టిపడతాయి కానీ నాలుగు నిమిషాలు ఆవిరి పడితే మళ్లీ మెత్తబడతాయి.

చవితి వంటలో రొయ్య ఏమిటనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే నాలుగు కొబ్బరివి చుట్టండి. వాటిని ముందే ఉడికించి తీసేయాలి. రొయ్యలతో ఒకే వాయిలో పెట్టారో, లౌజుకి నీచు వాసన పట్టేస్తుంది.