కాకి జతకు సేతువ పిల్లలా? కోడి రంగు తప్పితే ఎక్కడ వెతకాలి

పోయిన కార్తీకంలో నా కాకి (నల్ల కోళ్ల) జత గుడ్లు 12 పొదుగుకు వేశాను. 11 పిల్లలయ్యాయి. 9 నల్లవి. మిగతా 2 వెలిసిపోయినట్టు పుట్టి, ఈకలొచ్చేసరికి పాలలా తెల్లబడ్డాయి. మా బాబాయి చూసి ఒకటే మాట అన్నాడు: "ఒరేయ్, నీ పెట్ట ఎక్కడికో వెళ్లొచ్చింది." వెళ్లలేదు. ఆ జత నాలుగు నెలలుగా వల దాటి బయటికే రాలేదు.

నేను అసిల్ కోళ్లు పెంచేది రంగు కోసం. పందేల జోలికి పోను. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందన్న లెక్కలకూ, ఇక్కడ చెప్పే లెక్కలకూ సంబంధం లేదు. పేర్లు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి ముందే చెబుతున్నాను: నలుపు కాకి, ఎరుపు డేగ, తెలుపు సేతువ, ఎరుపులో బూడిద కలిస్తే మైల. మా వైపు ఇలాగే అంటాం.

పుంజును మార్చినా పాత పుంజు పోలికలే వస్తున్నాయి

జన్యువుల దాకా వెళ్లేముందు ఇది చూసుకోండి. రంగు తప్పిందని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం నిల్వ ఉండే సన్నటి గొట్టాలుంటాయి. పుంజును తీసేసినా రెండు వారాల దాకా, ఒక్కోసారి మూడు వారాల దాకా పిల్ల కట్టే గుడ్లు పెడుతూనే ఉంటుంది. సంతలో పెట్టను కొని, ఇంటికి రాగానే మన పుంజు దగ్గర వదిలి, వారంలో గుడ్లు పొదుగుకు వేస్తే తండ్రి ఎవరో చెప్పలేం.

పాత పుంజు నుంచి విడదీశాక మూడు వారాల గుడ్లు కూరకు వాడుకోండి. ఆ తర్వాతి గుడ్లే పొదుగుకు. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, జత నంబరు రాయండి. పిల్లలు పుట్టిన రోజే కాలికి రంగు రింగు వేయండి, కాలు లావెక్కే కొద్దీ మార్చండి. నేను ఒకసారి మార్చడం మర్చిపోయాను, రింగు కండలోకి దిగిపోయింది. ఆ పాపం నాదే.

నల్ల జతకు తెల్ల పిల్లలు పుట్టాయి

కారణం: పదో తరగతిలో బఠానీల దగ్గర చదివిన బహిర్గతం, అంతర్గతం ఇక్కడ పనికొస్తాయి. కోళ్లలో ఒక రకం తెలుపు అంతర్గత జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే పిల్ల తెల్లగా ఉంటుంది. ఒక్కటే ఉంటే కోడి నిఖార్సైన నలుపుగానే కనిపిస్తూ తెలుపును లోపల మోస్తుంది. అలాంటివి రెండు జతపడితే పిల్లల్లో నాలుగో వంతు తెలుపు. 11లో 2 అంటే లెక్క సరిగ్గానే ఉంది. పెట్ట ఎక్కడికీ వెళ్లలేదని బాబాయికి చెబితే నవ్వాడు, నమ్మాడో లేదో తెలియదు.

దీనిలో పెద్ద చిక్కు మన పొదుగుల సైజు. 8 పిల్లలైతే, తల్లీతండ్రీ ఇద్దరూ తెలుపు మోస్తున్నా ఒక్క తెల్ల పిల్ల కూడా రాకపోయే అవకాశం పదిలో ఒకటి. అలా రెండు పొదుగులు గడిచిపోయాక మూడోసారి తెల్లది పుడితే "ఈసారి ఏదో తేడా జరిగింది" అనుకుంటాం. తేడా మొదటి నుంచీ ఉంది.

ఏం చేయాలి: పుట్టిన తెల్ల పెట్టను పారేయకండి. పరీక్షకు అంతకంటే మంచి సాధనం లేదు. అనుమానమున్న నల్ల పుంజును దానితో జత కట్టండి. పుంజు తెలుపు మోస్తుంటే పిల్లల్లో సగం తెల్లవి వస్తాయి. 8 పిల్లలూ నల్లవే అయితే, మోస్తున్న పుంజు ఇలా తప్పించుకునే అవకాశం 256లో ఒకటే. తెల్ల పిల్ల తోడబుట్టిన నల్లవాటిలో మూడింట రెండొంతులు తెలుపు మోస్తుంటాయి. కాబట్టి వాటిని "నల్లగానే ఉన్నాయి కదా" అని నేరుగా జతకు పెట్టకూడదు.

తెల్ల జతకు రంగు పిల్లలు వచ్చాయి

పైదానికి తిరకాసు. తెలుపు ఒకటే రకం కాదు. లెగ్‌హార్న్ ఫారం కోడిలో ఉండేది బహిర్గత తెలుపు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా నలుపును దాదాపు చెరిపేస్తుంది, కానీ ఎరుపును పెద్దగా ముట్టుకోదు. డేగలో ఈ జన్యువు పడితే నల్లగా ఉండాల్సిన రొమ్ము, తోక తెల్లబడి, వీపు మీద ఎరుపు మిగులుతుంది. నాటు కోళ్లలో ఎప్పుడో ఫారం కోడి కలిసిన చోట ఇది బాగా కనిపిస్తుంది.

ఒకే కాపీ మోసే బహిర్గత తెల్లవి రెండు కలిస్తే పిల్లల్లో నాలుగో వంతు రంగువి. ఒకటి ఈ రకం, రెండోది పైన చెప్పిన అంతర్గత రకం అయితే రంగు పిల్లలు సగం దాకా రావచ్చు. మీ తెల్లది ఏ రకమో తేలాలంటే వంశం తెలిసిన, తెలుపు మోయని నల్ల కోడితో కట్టి చూడండి. అక్కడక్కడా నల్ల చుక్కలున్న తెల్ల పిల్లలొస్తే బహిర్గతం. అన్నీ రంగువే అయితే అంతర్గతం. ఈ సంగతి తేలకుండా తెల్ల పెట్టను పై పరీక్షకు వాడితే, ఏ దోషమూ లేని పుంజును కూడా అనుమానించి అమ్మేస్తారు.

మైల జతకు మైలలు సగమే వస్తున్నాయి

నాకు బాగా ఇష్టమైన చిక్కు ఇది. మంచి మైల పుంజు, మంచి మైల పెట్ట, ధర పెట్టి కొంటారు. పిల్లల్లో సగం మైల, కొన్ని నల్ల రొమ్ము డేగలు, కొన్నింటికి నలుపుండాల్సిన చోట ఎందుకూ పనికిరానట్టు వెలిసిన తెలుపు మీద బూడిద మరకలు. అమ్మినవాడు మోసం చేశాడని గొడవ. పాపం, వాడూ ఏం చేయలేడు.

నలుపును బూడిదగా మార్చే జన్యువు ఒకటుంది. అది పూర్తిగా బహిర్గతమూ కాదు, అంతర్గతమూ కాదు. ఒక్క కాపీ ఉంటే నలుపు బూడిద నీలం అవుతుంది. రెండు కాపీలుంటే రంగు ఇంకా విరిగి, మరకల తెలుపు అవుతుంది. ఎరుపును పెద్దగా కదపదు. అందుకే నల్లరొమ్ము డేగ మీద అది పడితే ఎరుపు ఎరుపులాగే ఉండి, నలుపున్న చోటల్లా బూడిద వస్తుంది. అదే మైల. అంటే మైల ఎప్పుడూ ఒకే కాపీ కోడి. దాన్ని స్థిరపరచడం ఎవరి వల్లా కాదు. స్పెయిన్ పేరున్న ఆండలూసియన్ కోళ్లలో నీలం రంగు నిలవడం లేదని యూరప్ పెంపకందారులు ఏళ్లతరబడి తల పట్టుకున్నారు. మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చాక, 1900ల మొదట్లో ఇంగ్లండ్‌లో జన్యు శాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ ఆ లెక్క తేల్చారు.

పరిష్కారం మాత్రం చాలా తేలిక, మన అలవాటుకే పూర్తిగా తిరగబడి ఉంటుంది. మైలకు మైలను కట్టకండి. అందరూ కూరకిచ్చే ఆ మరకల పిల్లను పెంచండి. దాన్ని నల్లరొమ్ము డేగతో కడితే పిల్లలన్నీ మైలలే. నూటికి నూరు. మైలను డేగతో కడితే సగం మైల, సగం డేగ. నలుపు మీద కూడా లెక్క ఇదే: కాకికి మరకలదాన్ని కడితే అన్నీ బూడిదవే.

ఒక్క జాగ్రత్త. లేత బూడిద రంగు కోళ్లన్నీ ఈ జన్యువువి కావు. లావెండర్ అని ఇంకోటుంది. అది అంతర్గతం. లావెండర్ జతకు పుట్టేవన్నీ లావెండర్లే, నల్లదానితో కడితే పిల్లలన్నీ నలుపే. నలుపుతో ఒక్కసారి కడితే మీ దగ్గరున్నది ఏదో తేలిపోతుంది. లావెండర్‌ను తరాల తరబడి తమలోనే కట్టుకుంటూ పోతే కొన్నింటికి ఈకలు చివర్లు చిరిగినట్టు వస్తాయి. మధ్యమధ్యలో నల్లదాన్ని కలిపి, ఆ పిల్లల్ని మళ్లీ లావెండర్‌తో కడుతుంటారు.

కాకి పుంజుకు మెడ మీద ఎర్ర ఈకలు వచ్చాయి

మూడు నెలలప్పుడు నల్లగా నిగనిగలాడింది. ఆరో నెలలో మెడ జూలులో, వీపు మీద ఎరుపు దిగింది. "కాకిడేగ" అని చెప్పి అమ్మేస్తారు గానీ, ఇది ఒక కాపీ మాత్రమే ఉన్న నలుపు. కాకీ డేగా కలిసిన వంశంలో నల్ల జన్యువు పైకి తేలినా, పుంజు పెద్ద ఈకల్లో ఎరుపు అంచుల్లోంచి తొంగిచూస్తుంది. దాని అక్కచెల్లెళ్లు అదే జన్యువులతో పూర్తిగా నల్లగా కనిపించవచ్చు. అసలు ప్రమాదం ఆ పెట్టలతోనే.

పుంజుల్ని పెద్ద ఈకలు పూర్తిగా వచ్చేదాకా ఎంపిక చేయకండి. పెట్టను మాత్రం దాని అన్నదమ్ముల మెడ చూసి ఎంచుకోండి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: "దీని పుంజులు ఎలా వచ్చాయండీ?"

పిల్ల రంగుతో పెట్టా పుంజా చెప్పే పద్ధతి పోయినేడు పనిచేసింది, ఈ ఏడు తప్పింది

కోళ్లలో లింగం లెక్క మనుషులకు తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. బంగారు, వెండి రంగుల జన్యువూ, చారల జన్యువూ ఈ జెడ్ మీదే ఉంటాయి. రోడ్ ఐలాండ్ రెడ్ అనే ఎర్ర జాతి పుంజును ప్లిమత్ రాక్ అనే చారల జాతి పెట్టతో కడితే పుంజు పిల్లల తల మీద తెల్ల మచ్చ ఉంటుంది, పెట్ట పిల్లలకు ఉండదు. అందుకే పుట్టిన రోజే విడదీయవచ్చు.

తప్పేది రెండు చోట్ల. జతను తిరగేసి చారల పుంజును ఎర్ర పెట్టతో కడతారు, అప్పుడు ఆడా మగా అన్నీ చారలవే. లేదా పోయినేటి పిల్లల్లోంచే పుంజునూ పెట్టనూ తీసి కడతారు, అప్పుడు మచ్చ ఎవరికి వస్తుందో లెక్క నిలవదు. ప్రతి ఏడూ అసలు జాతుల నుంచే మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. ఈ జెడ్ రంగుల్ని పెట్ట లోపల దాచలేదు, ఉన్నదొకటే కాపీ కాబట్టి ఏముంటే అదే కనిపిస్తుంది. అనుమానించాల్సింది పుంజునే.

నల్ల కోడికి ఉన్నట్టుండి తెల్ల ఈక

ఒకటి రెండైతే కంగారు వద్దు. దెబ్బ తగిలిన చోట, పొడుచుకున్న చోట ఈక మొదలు దెబ్బతిని తెల్లగా మొలుస్తుంది. అది పిల్లలకు రాదు. నల్ల పిల్లలకు పొట్ట కింద, రెక్కల చివర్లో తెలుపు ఉండటం మామూలే, ఈకలు మారేకొద్దీ పోతుంది. మంద మొత్తం ఒకేసారి వెలిస్తే మేత చూడండి. లైసిన్ (మాంసకృత్తుల్లో ఒక భాగం), రాగి, ఇనుము తగ్గితే రంగు పట్టదు. వట్టి నూకలు, తవుడు మీద పెరిగే పిల్లలకు లైసిన్ చాలదు, కాస్త సోయా చెక్కో ఎండుచేపల పొడో కలపాలి. మేత మార్చినా పాత ఈక బాగుపడదు, కొత్త ఈకలొచ్చేదాకా ఆగాలి. తెల్లకోడి పసుపు పచ్చబడితే ఎండ, మొక్కజొన్న రెండూ కారణాలే.

పుంజుకు పెట్ట ఈకలు

ఈనె లాంటి మెడ ఈకలు లేవు, కొడవలి తోక లేదు, కూత మాత్రం పుంజుదే. మన దగ్గర పెట్టమారు అంటారు. జబ్బు కాదు. చర్మంలోనే మగ హార్మోన్ ఆడ హార్మోన్‌గా మారేలా చేసే జన్యువు ఇది. సంతానానికీ వస్తుంది. రంగు చూసి ఎంచుకునేటప్పుడు ఒక చిక్కు: పుంజు ఈకల్లో కనిపించాల్సిన ఎరుపు, పసుపు తళుకు ఇందులో కనిపించవు. కాబట్టి దాని అసలు రంగును మామూలు ఈకలున్న అన్నదమ్ముల్లోనే చూడాలి.

రంగు కుదిరింది, గుడ్లు పిల్లలవడం తగ్గింది

తండ్రిని కూతురితో, ఆ కూతురి కొడుకును మళ్లీ చెల్లెలితో కట్టుకుంటూ పోతే రంగు త్వరగా కుదురుతుంది. దాంతోపాటే గుడ్డులోనే పిల్ల చచ్చిపోవడం, పుట్టినవి నీరసంగా ఉండటం మొదలవుతుంది. ఒకే రంగులో సంబంధం లేని రెండు మందలు పెట్టుకుని, రెండు మూడు తరాలకోసారి పుంజును మార్చుకోండి. స్థలం లేకపోతే రంగు పిచ్చి ఉన్న ఇంకొకరితో ఒప్పందం చేసుకోండి. నేనూ పక్క ఊరి అబ్బాయీ ఇలాగే నడుపుతున్నాం.

నా రెండు సేతువల్లో ఒకటి పుంజు, సంక్రాంతికి బాబాయి ఇంటి కూరైంది. పెట్టను ఉంచాను. ఆ అబ్బాయి దగ్గర తెచ్చిన కొత్త కాకి పుంజును మొదట దానితోనే కట్టాను. 9 పిల్లలు. తొమ్మిదీ నలుపే.