మంచు కింద కాలిన పల్లె: వార్‌గేమ్ బల్ల కోసం 1941 నాటి రష్యా గ్రామాన్ని కట్టడం ఎలా?

దుంగలతో కట్టిన ఇల్లు కాలిపోతే గోడలు పోతాయి, కప్పు పోతుంది, తలుపులూ కిటికీలూ పోతాయి. ఇటుక పొయ్యి, దాని మీద పొగగొట్టం మాత్రం నిలబడి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు మాస్కో దగ్గరి దాకా వచ్చిన 1941 చలికాలంలో ఆ చుట్టుపక్కల తీసిన ఫొటోల్లో ఇదే దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తెల్లటి నేల మీద ఒక్కో ఇంటికి ఒక్కో పొగగొట్టం, చుట్టూ నల్లటి మచ్చ.

మన వార్‌గేమ్ బల్లల మీద, అంటే చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాల ఆట ఆడే బల్లల మీద, మాత్రం ఎక్కువగా ఇటుక శిథిలాలే చూస్తాం. మెట్లు మెట్లుగా విరిగిన గోడలు, ఇటుకల గుట్టలు. స్టాలిన్‌గ్రాడ్ నగరానికి అవి సరిపోతాయి. మాస్కో ముందున్న పల్లెకు సరిపోవు. అక్కడి ఇళ్లలో ఫిరంగి గుండ్లకు పోయినవి కొన్నే, నిప్పు తినేసినవి చాలా ఎక్కువ. 1941 నవంబర్ 17న సోవియట్ హైకమాండ్ 0428 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. జర్మన్లకు చలిలో తలదాచుకునే చోటు దొరకకుండా, వాళ్ల ముందు వరసకు వెనకాల 40 నుంచి 60 కిలోమీటర్ల లోతు వరకు ఊళ్లను తగలబెట్టమన్నది దాని సారాంశం. డిసెంబర్ 5న సోవియట్ ఎదురుదాడి మొదలయ్యాక, వెనక్కి తగ్గుతూ జర్మన్లు కూడా ఊళ్లు కాల్చుకుంటూ పోయారు. రెండు వైపుల నిప్పూ పడింది ఆ పల్లె జనం మీదే. ఈ సంగతి తెలిసి కట్టిన బల్లకూ, తెలియక కట్టిన బల్లకూ తేడా చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

కాబట్టి పని వరస ఇలా పెట్టుకోండి: ముందు ఇల్లు, తర్వాత నిప్పు, చివర మంచు. మొదటి నుంచే శిథిలాన్ని కట్టడానికి కూర్చోవద్దు. మనుషులు బతికిన ఇంటిని కట్టి, దాన్ని కాల్చి, ఆ పైన మంచు కురిపించండి.

కొలతలు

28 మిల్లీమీటర్ల మినియేచర్లకు, అంటే ఆటలో వాడే సైనికుల బొమ్మలకు, 1/56 స్కేల్ (అసలు కొలతలో 56వ వంతు) తీసుకుంటున్నాను. ఆ పల్లె ఇంటిని ఇజ్బా అంటారు. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఇల్లు అనుకుంటే బల్ల మీద సుమారు 11 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు వస్తుంది. దుంగ మందం 22 సెంటీమీటర్లు అనుకుంటే 4 మిల్లీమీటర్ల గుండ్రటి కర్రపుల్లలు కావాలి. పన్నెండు వరసలు పేరిస్తే 48 మిల్లీమీటర్ల గోడ లేస్తుంది, అంటే అసలు ఇంటికి 2.7 మీటర్లు. తలుపు లెక్క ప్రకారం 32 మిల్లీమీటర్లే వస్తుంది కానీ 35 పెట్టండి. బొమ్మ కింద బేస్ మందం ఉంటుంది కదా, తలుపు పక్కన నిలబెట్టినప్పుడు తల తగిలేలా ఉంటే కంటికి బాగోదు.

వీధిని ఇరుకు చేయకండి. టీ-34 ట్యాంకు వెడల్పు 3 మీటర్లు, అంటే మన స్కేల్‌లో 54 మిల్లీమీటర్లు. అది ముందుకు సాగాలంటే, పక్కన సైనికులు నడవాలంటే కనీసం 10 సెంటీమీటర్ల వీధి వదలాలి. మధ్య రష్యాలో చాలా పల్లెలు ఒకే దారికి ఇరువైపులా సాగిన ఊళ్లు. ఇళ్లు ముక్కోణపు గోడను వీధి వైపుకు పెట్టి నిలబడతాయి. ఆటకు ఇది మంచి అనుకూలం. పొడవుగా కాల్పుల దారి దొరుకుతుంది, ఇంటికీ ఇంటికీ మధ్య సందులు దొరుకుతాయి.

మొదటి విడతకు ఐదు ఇళ్లు చాలు. ఒకటి చెక్కుచెదరనిది, రెండు సగం పోయినవి, రెండు పొయ్యి దాకా కాలినవి. అన్నీ కాల్చేస్తే బల్ల మీద దాక్కోవడానికి చోటు మిగలదు, ఆట చప్పబడుతుంది.

బేస్, పొయ్యి

ప్రతి ఇంటికీ 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) కోసి, అంచులను ఏటవాలుగా అరగదీయండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి. పలకకు రెండు వైపులా రంగు పూయాలి. ఒక వైపే తడి తగిలితే ఎండీఎఫ్ వంగిపోతుంది, ఒకసారి వంగితే మళ్లీ దారికి రాదు.

ఇంటికంటే ముందు పొయ్యి కట్టండి. రష్యా పల్లె ఇంట్లో దాని చుట్టూనే కాపురం నడిచేది. వంట అక్కడే, చలికి వెచ్చదనం అక్కడే, దాని మీదే పడక. గట్టి ఫోమ్ షీటు, అంటే ఎక్స్‌పీఎస్, నుంచి 36 మిల్లీమీటర్ల పొడవు, 27 వెడల్పు, 28 ఎత్తు ముక్క కోయండి. ముందు వైపు కమాను ఆకారంలో నోరు తొలవండి. పొగగొట్టానికి 9 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ కోసి, నేల నుంచి మొత్తం 10 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా నిలపండి. చేయి తగిలి విరిగేది ఇదే కాబట్టి లోపల సన్నటి ఇనప తీగ గుచ్చి, బేస్ దాకా దించండి.

ఇటుకలను పదును పెన్సిల్‌తో గీయండి. అసలు ఇటుక 25 సెంటీమీటర్లు, 12, 6.5. మన స్కేల్‌లో నాలుగున్నర మిల్లీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ ఎత్తు. అన్నీ గీయక్కర్లేదు. ఇంటి లోపల ఉండే పొయ్యికి సాధారణంగా సున్నం పూసేవారు, కాబట్టి అక్కడ ఇటుక గీతలు పెచ్చు ఊడిన చోట మాత్రమే కనిపించాలి. కప్పు దాటి బయటికి వచ్చిన పొగగొట్టం మాత్రం ఉత్త ఇటుక. ఇల్లు కాలిపోయాక ఈ తేడా అలాగే నిలిచిపోతుంది: కింద మసి పట్టిన తెలుపు, పైన ఎరుపు. ఆ రెండు రంగులు కలిసే గీత దగ్గరే ఒకప్పుడు కప్పు ఉండేదని చూసేవాడికి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

గోడలు

పుల్లలను ఒక వరస పొడుగ్గా, ఒక వరస అడ్డంగా పేరుస్తూ పోవాలి. మూలల దగ్గర దుంగ చివరలు 5 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు రానివ్వండి. ఒకదాని మీద ఒకటి కూర్చునేందుకు గుండ్రటి ఆకురాయితో చిన్న గాడి తీయండి. అతికించడానికి వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురు, పీవీఏ, చాలు. దుంగల సందుల్లో నాచు, నార కూరేవారు. ఆ సందుల్లో జిగురు ముంచిన దారం పెడితే అచ్చం అలాగే కనిపిస్తుంది.

కిటికీ చుట్టూ చెక్క చట్రం ఉంటుంది, చాలా ఇళ్లలో దానికి నగిషీ కూడా. ఒకటి రెండు చట్రాలకు వెలిసిన నీలం వేయండి. తెలుపు, నలుపు, బూడిద రంగులే ఉన్న బల్ల మీద ఆ కాస్త నీలం ఇక్కడ మనుషులు ఉండేవాళ్లని చెబుతుంది.

కప్పును విడిగా తీసేలా చేయండి, ఇంట్లో బొమ్మలు పెట్టాలి కదా. దూలం, వాసాలు సన్నటి పుల్లలతో, పైన పలకలు బల్సా చెక్కతో. పాత టర్కీ తువ్వాలు ముక్కను జిగురులో ముంచి పరిస్తే గడ్డి కప్పు అవుతుంది.

నిప్పు

ఇక్కడ తొందరపడకండి. నిప్పు పైకి పాకుతుంది. కప్పు అంటుకుని లోపలికి కూలుతుంది, పై వరసల దుంగలు ఎక్కువగా కాలతాయి, నేలనూ మంచునూ ఆనుకున్న కింది రెండు మూడు వరసలు మిగులుతాయి. దుంగ గోడ ఇటుక గోడలా మెట్లు మెట్లుగా విరగదు. దుంగ కొస సన్నబడి, నల్లబడి, మొనదేలుతుంది. అందుకే పుల్లను కత్తెరతో కోయకండి. చేత్తో విరిచి, కొసను చాకుతో చెక్కండి.

గుండు తగిలిన ఇంటి కథ వేరు. అక్కడ దుంగలు మూల గాడి నుంచి ఊడి పక్కకు దొర్లుతాయి, విరిగిన చోట లోపలి లేత చెక్క రంగు కనిపిస్తుంది. కాలిన ఇంట్లో ఆ రంగు ఎక్కడా ఉండకూడదు.

బొగ్గు రంగుకు ఉత్త నలుపు చాలదు. ముందు ముదురు గోధుమ కలిసిన నలుపు వేయండి. ఆరాక ముదురు బూడిద రంగుతో డ్రై బ్రష్ చేయండి, అంటే కుంచెను గుడ్డ మీద బాగా తుడిచి, మిగిలిన కాస్త రంగుతో ఎత్తు అంచుల మీద మాత్రమే అద్దండి. చివరగా కొసలకు లేత బూడిద. కాలిన కట్టె మీద అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చి చిన్న చిన్న గళ్లలా విడిపోతుంది. రంగు వేయకముందే చాకు మొనతో ఆ గళ్లు గీయండి. ఒక్క దుంగ మీద పది గీతలు చాలు, డ్రై బ్రష్ తగలగానే పైకి తేలతాయి.

పుల్లలను కొవ్వొత్తి మీద నిజంగానే కాల్చడం కూడా నేను చేస్తుంటాను, ఆ నలుపు ఏ సీసాలోనూ దొరకదు. అయితే గోడకు అతికించక ముందే, ఫోమ్‌కూ స్ప్రే డబ్బాలకూ దూరంగా, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని చేయాలి.

నేల మీద పడిన వాసాలన్నీ పొయ్యి వైపుకు, ఇంటి లోపలికే పడి ఉండాలి. వాటి మధ్య 25 మిల్లీమీటర్ల బేస్ పట్టేంత చదును చోట్లు మూడు నాలుగు వదలండి. లేకపోతే శిథిలం చూడ్డానికి బాగుంటుంది, సైనికుడు మాత్రం నిలబడడు. ఒక బకెట్టు, ఒక ఇనప మంచం చట్రం పెట్టండి. ఇనుము కాలదు.

ఫోమ్ మీద స్ప్రే ప్రైమర్ నేరుగా కొట్టవద్దు, అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. నల్ల యాక్రిలిక్ రంగులో పీవీఏ కలిపి కుంచెతో ఒక పూత వేస్తే గట్టిపడుతుంది, ఆ తర్వాత భయం లేదు.

దారి, దడి, బావి

ఆ ఏడాది అక్టోబర్ వానలకు రోడ్లన్నీ బురదగుంటలయ్యాయి. నవంబర్‌లో చలి ముదిరి ఆ బురద రాయిలా గడ్డకట్టింది. అంటే మంచు కింద లోతైన చక్రాల గాడులు అలాగే ఉండాలి. గోడలకు పూసే పుట్టీలో సన్న ఇసుక కలిపి దారి మీద పరిచి, తడిగా ఉండగానే బండి చక్రం, ట్యాంకు గొలుసు దొర్లించండి. తర్వాత ముదురు గోధుమ రంగు వేయండి.

దడులకు సన్నటి రాగి తీగ అల్లితే సరిపోతుంది. వీధి మధ్యలో ఏతం బావి ఒకటి తప్పకుండా పెట్టండి. ఆ పల్లెల్లో ఏతం బావులు మామూలే, ఆ ఎత్తు కర్ర బల్లకు ఒక గుర్తులా నిలుస్తుంది.

మంచు

నేను కట్టిన మొదటి పల్లెకు వంటసోడా, పీవీఏ కలిపి మంచు వేశాను. కొన్నాళ్లకు మొత్తం పసుపు తిరిగింది, ఇళ్లతో సహా తీసి పారేయాల్సి వచ్చింది. వంటసోడా వద్దే వద్దు. సన్నటి పాలరాతి పొడి రెండు పాళ్లు, పీవీఏ ఒక పాలు, తెల్ల యాక్రిలిక్ రంగు ఒక పాలు కలిపి, నీటి చుక్కలతో జారుడు ముద్దలా చేయండి. పీవీఏలో కొన్ని రకాలు కూడా పసుపు తిరుగుతాయి, పారదర్శకంగా ఆరేదే ఎంచుకోండి. ఒక్కసారి 2, 3 మిల్లీమీటర్లకు మించి వేస్తే పగులుతుంది. లోతు కావాలంటే కింద ఫోమ్ ముక్కతో ఎత్తు తెచ్చి పైన పూత వేయండి.

వేసే ముందు గాలి ఎటు నుంచి వీస్తుందో నిర్ణయించుకోండి. ప్రతి బేస్ అడుగున ఒక బాణం గుర్తు గీసుకుని, బల్ల మీద అన్ని బాణాలూ ఒకే వైపు ఉండేలా పేర్చండి. గాలి కొట్టే వైపు గోడను ఆనుకుని చిన్న పల్లం ఉంటుంది, దానికి కాస్త ముందు మంచు గట్టు. వెనక వైపు మంచు చేరి తోకలా సాగుతుంది. ఈ ఒక్కటి పాటిస్తే విడివిడిగా చేసిన ఐదు ఇళ్లు ఒకే ఊరిలా కలిసిపోతాయి.

అన్ని చోట్లా సమానంగా మంచు వేయడం పెద్ద పొరపాటు. రాత్రి కాలిన ఇంటి లోపల మంచు ఉండదు. వేడికి కరిగి చుట్టూ తడి నేల, దాని బయట మసి పడి మురికి పట్టిన మంచు. వారం కిందట కాలిన ఇంట్లో పడిపోయిన దుంగల పై భాగం తెల్లగా, పక్కలు నల్లగా ఉంటాయి. కాలిన ఇళ్లు రెండింటిలో ఒకటి అలా, ఒకటి ఇలా చేయండి.

ముద్ద ఆరాక పల్లాల్లో బాగా పలచన చేసిన లేత నీలం వాష్ ఇవ్వండి, మిట్టల మీద తెలుపు డ్రై బ్రష్ చేయండి. చూరు అంచులకు పారదర్శక ప్లాస్టిక్ కడ్డీని వేడి చేసి సాగదీసిన మంచు కడ్డీలు అతికించండి. పొగగొట్టం నుంచి పొగ వస్తున్న ఇంటికే అవి పెట్టండి, లోపల వేడి ఉంటేనే కప్పు మీది మంచు కరిగి చూరు దగ్గర గడ్డకడుతుంది. పైన కొట్టే వార్నిష్ మ్యాట్‌దే కావాలి.

అడుగుల దారులు ముద్ద తడిగా ఉండగానే నొక్కాలి. బతికున్న ఇంటి గుమ్మం నుంచి బావి దాకా ఒకటి, బాగా తొక్కి గట్టిపడినట్టు. వారం కిందట కాలిన ఇంటి గుమ్మం ముందు ఏమీ వద్దు. ఇళ్లు పోయిన జనం నేలలో గోతులు తవ్వుకుని, పైన దుంగలు, మట్టి కప్పి వాటిలో బతికారు. ఆ ఇంటి వెనక, దొడ్డి వైపు, మంచులో అలాంటి ఒక చిన్న దిబ్బ చేయండి. దానిలోంచి రేకు పొగగొట్టం ఒకటి బయటికి పెట్టి, అక్కడి నుంచి బావి దాకా ఒక్క మనిషి నడిచినంత సన్నటి దారి నొక్కండి.