పదం వచ్చు, అర్థం వచ్చు, వాక్యం మాత్రం తేడా కొడుతోంది: ఇంగ్లిష్ పదాల సమస్యలు - పరిష్కారాలు

సమస్య: నోట్‌బుక్ నిండా పదాలు రాసుకున్నారు. వారం తిరిగేసరికి సగం గుర్తులేవు.

కారణం: మీ జ్ఞాపకశక్తిలో లోపం లేదు. మీరు జాబితా చదువుతున్నారు తప్ప గుర్తుతెచ్చుకోవడం లేదు. ఇప్పుడే చూసిన పదం వచ్చేసినట్టే అనిపిస్తుంది. అర్థాన్ని చేత్తో మూసి చెప్పి చూడండి, ఎన్ని వచ్చో అక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేయమని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, అయినా ముందు దాటేసేది దీన్నే. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు.

పరిష్కారం: మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు మూసి చెప్పండి. తెలుగు చూసి ఇంగ్లిష్ పదం కూడా చెప్పండి. చదివితే తెలుస్తోంది కానీ నోటికి రావడం లేదనేవాళ్లకు ఇదే మందు.

సమస్య: అర్థం తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. అయినా మీ వాక్యం చదివినవాళ్లు మొహం అదోలా పెడుతున్నారు.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఓ ఉద్యోగ దరఖాస్తులో, ఒక పనిలో నాకు తోడున్న మనిషిని మెచ్చుకుంటూ ‘అకంప్లిస్’ అని రాశాను. నా నోట్‌బుక్‌లో దాని పక్కన ‘సహాయకుడు’ అని ఉంది. నిజానికి ఆ మాట నేరంలో తోడున్నవాడికి వాడతారు. మంచి మనిషిని నా చేత్తో నేనే దొంగల జట్టులో చేర్చాను.

కారణం: ఒక పదానికి ఒకే తెలుగు మాట రాసుకోవడం. ‘చచ్చిపోవడం’, ‘కాలం చేయడం’, ‘పరమపదించడం’ మూడింటికీ అర్థం ఒకటే. అంతమాత్రాన దోమ పరమపదించిందని ఎవరూ అనరు. ఆ తేడా మనకు ఎవరూ నేర్పలేదు, వింటూ పెరిగాం. ఇంగ్లిష్ పదాలకూ ఇలాంటి రంగు ఉంటుంది, దాన్ని ఒంటి అర్థం చెరిపేస్తుంది. ‘ఫ్రూగల్’, ‘స్టింజీ’ రెండూ తక్కువ ఖర్చు పెట్టేవాళ్లకే వాడతారు, కానీ మొదటిది పొదుపరి, రెండోది పిసినారి. ‘డిసింటరెస్టెడ్’ పక్కన చాలామంది ‘ఆసక్తి లేని’ అని రాసుకుంటారు. ఆ అర్థంలో వాడేవాళ్లూ ఉన్నారు కానీ, జాగ్రత్తగా రాసేవాళ్లు దాన్ని ‘స్వార్థం లేని, నిష్పక్షపాతమైన’ అనే అర్థంలోనే వాడతారు. న్యాయమూర్తికి ఉండాల్సిన గుణం అది.

రంగుతో పాటు జతను కూడా చూడాలి. మనం ఒట్టు పెడతాం, ప్రమాణం చేస్తాం, ప్రమాణం పెట్టం. అలాగే ‘కమిట్’ అంటే చేయడమే అనుకుని మంచిపనికి తగిలించకూడదు. ఆ అర్థంలో దాని పక్కన నేరం, హత్య, తప్పు లాంటివే వస్తాయి.

పరిష్కారం: నిఘంటువులో అర్థం దగ్గరే ఆగకండి, కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదవండి. దయచేసి చదవండి, మీకు కావలసింది అక్కడే ఉంది. నేర్చుకునేవాళ్ల కోసం 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు అర్థాలనే పూర్తి వాక్యాలుగా ఇచ్చింది, అందుకే పదం ఎవరి పక్కన కూర్చుంటుందో అర్థంలోనే కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో తెలుగు మాట ఉండనివ్వండి. దాని పక్కన మూడు రాయండి: అది మెప్పా తిట్టా రెండూ కాదా అన్నది; పక్కన తరచూ వచ్చే మాట; ఒక ఉదాహరణ వాక్యం. రోజుకు ముప్పై పదాలు ఇలా కుదరవు, అయిదు చాలు. ఉత్తరంలోనో పరీక్షలోనో పెట్టేముందు ఆ పదం కనీసం మూడు వేర్వేరు చోట్ల మీ కంటపడి ఉండాలి. లేదంటే మీకు బాగా తెలిసిన తేలిక మాటే వాడండి.

ఇక ఉచ్చారణ వల్ల, అమెరికన్-బ్రిటిష్ తేడాల వల్ల వచ్చే చిక్కులూ ఉంటాయి. నిఘంటువులో ఒకసారి విని, చూసి ముందుకెళ్లండి. లాటిన్ ధాతువుల్ని నమ్ముకుని అర్థం ఊహించి దెబ్బతినేవాళ్లూ కొందరున్నారు. ‘ఎగ్రీజియస్’ లాటిన్ మూలంలో ‘మందలోంచి ప్రత్యేకంగా నిలిచిన’ అని. ఇప్పుడు దాన్ని ఘోరమైన తప్పుకు వాడతారు. ధాతువు పదాన్ని గుర్తుపెట్టుకోవడానికి సాయం చేస్తుంది, అర్థం కోసం మాత్రం నిఘంటువే తెరవండి.