'రన్ అవుట్ ఆఫ్'ను తప్పుల్లేకుండా వాడడం ఎలా?

'రన్ అవుట్' అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. వంటింట్లో పాలు, బండిలో పెట్రోలు అయిపోయినప్పుడు ఇంగ్లిష్‌లో వాడే మాట కూడా ఇదే. బియ్యం అయిపోయాయనడానికి నోరు రాక 'నిండుకున్నాయి' అంటామే, ఆ సందర్భానికీ సరిపోతుంది.

చాలామంది 'ది మిల్క్ ఈజ్ ఓవర్' అనేస్తారు. మన దేశంలో అర్థమవుతుంది గానీ, బయట వింతగా వినిపిస్తుంది. 'ఓవర్' అనేది మ్యాచ్, సినిమా, మీటింగ్ వంటివి ముగిసినప్పటి మాట.

1. ముందు కర్తను తేల్చుకోండి. తెలుగులో 'మాకు పాలు అయిపోయాయి' అంటే పాలు కర్త. ఇంగ్లిష్‌లో మనుషులనే కర్తగా పెట్టొచ్చు: 'వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్'. వస్తువుతో మొదలుపెడితే 'ఆఫ్' తీసేయాలి: 'ది మిల్క్ హాజ్ రన్ అవుట్'. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 'ఆఫ్' ఉందంటే దాని వెనకే అయిపోయిన వస్తువు పేరు ఉండాలి.

2. కాలం చూసుకోండి. అయిపోవస్తుంటే 'వుయ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ గ్యాస్'. రాత్రి అయిపోయిందని చెప్పాలంటే 'ది గ్యాస్ ర్యాన్ అవుట్ లాస్ట్ నైట్'. హావ్, హాజ్‌ల తర్వాత 'ర్యాన్' రాదు, 'రన్' అనే అనాలి.

3. 'మిల్క్ వాజ్ రన్ అవుట్' అనకండి. బ్యాటర్‌ను ఫీల్డర్లు అవుట్ చేస్తారు కాబట్టి 'హీ వాజ్ రన్ అవుట్' సరైనదే. పాలు వాటంతటవే అయిపోతాయి, అక్కడ 'వాజ్'కు చోటు లేదు.

4. కంటికి కనిపించనివాటికీ వాడండి. ఓపిక నశిస్తే 'ఐ హావ్ రన్ అవుట్ ఆఫ్ పేషన్స్'. వీసా గడువు జూన్‌లో ముగుస్తుంటే 'మై వీసా రన్స్ అవుట్ ఇన్ జూన్'.

'ఆఫ్' స్థానంలో 'ఆన్' పెడితే మాత్రం అర్థం తిరగబడుతుంది. 'హీ ర్యాన్ అవుట్ ఆన్ హిజ్ ఫ్యామిలీ' అంటే కుటుంబాన్ని నడిసముద్రంలో వదిలేసి వెళ్లిపోయాడని.

ఇక ఉచ్చారణ. ఇందులోని 'ఆఫ్'కు ఒకటే ఎఫ్, పలికేది 'అవ్' అని. మాటలు కలిసిపోయి 'రన్నౌటవ్ మిల్క్' అని వినిపిస్తుంది. రెండు ఎఫ్‌లున్న 'ఆఫ్' వేరు. 'రన్ ఆఫ్' అంటే పారిపోవడం.