కాగితం మీద 6/6, లేత్ దగ్గర మసక: ఉద్యోగుల కంటి పరీక్షలో వచ్చే చిక్కులు, వాటికి మార్గాలు

లేత్ మిషన్ దగ్గర టర్నర్ వెర్నియర్ కాలిపర్‌ను చేయి చాచి పట్టుకుని, గడ్డం పైకెత్తి, ట్యూబ్‌లైటు కిందికి జరిగి కొలత చదువుతున్నారు. వయసు 47. "సాయంత్రమయ్యేసరికి సన్నగీతలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి మేడమ్" అన్నారు. రిజిస్టరు తీసి చూస్తే నెల కిందటి పరీక్షలో రెండు కళ్ళకూ 6/6, అంటే 6 మీటర్ల నుంచి కనిపించాల్సిన వరుస కనిపించింది. రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. మేము 6 మీటర్ల చూపు కొలిచాం. ఆయన పని 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది.

పని ఏ దూరంలో, ఏ వెలుతురులో, ఏ రంగుల మధ్య జరుగుతోందో చూడకుండా పరీక్షను ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. ఫ్యాక్టరీ వైద్య కేంద్రాల్లో కంటి పరీక్షలు చేసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులను, నాకు పనికొచ్చిన మార్గాలను రాస్తున్నాను.

దూరపు చూపు బాగుంది, పనిలో తడబాటు

కారణం చాలాసార్లు చత్వారమే. నలభై దాటాక కంటిలోని లెన్సు బిగుసుకుపోయి దగ్గరి వస్తువుల మీద చూపు నిలవదు. గోడ మీది చార్టు దీన్ని పట్టుకోలేదు. టేపు తీసుకుని పనిచేసే చోటికే వెళ్ళండి. కంటి నుంచి పనిముట్టు ఎంత దూరంలో ఉందో కొలిచి, దగ్గరి చూపు కార్డును అంతే దూరంలో పట్టుకుని, ఆ వెలుతురులోనే చదివించండి.

కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ఆ దూరం సాధారణంగా 50 నుంచి 70 సెంటీమీటర్లు. బైఫోకల్ అద్దాల కింది భాగం పుస్తకం దూరానికి చేసింది. దానితో తెర చదవాలని రోజంతా గడ్డం ఎత్తి కూర్చుంటారు, చివరికి మెడనొప్పికి మాత్ర అడుగుతూ మన దగ్గరికి వస్తారు. అలా వచ్చినవారు ఏ అద్దాలు వాడుతున్నారో కూడా అడగండి. మందుల కంపెనీల్లో ఇంజెక్షన్ వయల్స్‌ను నలుపు, తెలుపు పలకల ముందు పట్టుకుని నలుసులు వెతికేవారికైతే దగ్గరి చూపు, రంగుల గుర్తింపు రెండూ చూడాల్సిందే.

అందరికీ ఒకటి రెండు వరుసలు తక్కువ వస్తున్నాయి, లేదా అందరూ పాసవుతున్నారు

ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కళ్ళను కాదు, గదిని. 6 మీటర్ల చార్టులో అన్నిటికన్నా పెద్ద అక్షరం, అంటే 6/60 వరుస, సుమారు 87 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. 3 మీటర్ల చార్టులో అందులో సగం. స్కేలు పెట్టి కొలవండి. ఎవరో ప్రింటు తీసి అంటించిన చార్టుకు ఈ కొలత కుదరదు. నేల మీద నిలబడే గీత చెరిగిపోయిందేమో చూడండి.

అందరూ పాసవుతుంటే వరుసలో నిలబడినవారికి చార్టు కనిపిస్తోందని అర్థం. ముందువారు చదివింది వెనుకవారికి కంఠస్థం అవుతుంది. వరుసను తలుపు బయటే ఆపి, అక్షరాలను కుడి నుంచి ఎడమకు చదివించండి. రెండో చార్టు కూడా దగ్గర ఉంచుకోండి.

ఎడమ కన్నే ఎప్పుడూ బలహీనంగా వస్తోంది

కుడికన్ను పరీక్షించేటప్పుడు ఎడమకన్నును అరచేత్తో గట్టిగా అదిమి మూస్తారు. చేయి తీయగానే ఆ కన్ను కాసేపు మసకగా ఉంటుంది. మూయడానికి ప్లాస్టిక్ మూత ఇవ్వండి. వేళ్ళ సందుల్లోంచి చూడటమూ దానితోనే ఆగుతుంది.

చదవమంటే మౌనంగా నిలబడుతున్నారు

కనిపించక కాదు, ఆ లిపి రాక. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కార్మికుడికి తెలుగు అక్షరాల చార్టు పెట్టి "ఫెయిల్" అని రాయడం అన్యాయం. ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే చార్టు వాడండి. అట్టతో కత్తిరించిన అదే అక్షరాన్ని చేతికిచ్చి, చార్టులో ఉన్నట్టు తిప్పమనండి. మాటతో పనిలేదు, నలుగురిలో తల దించుకోవాల్సిన అవసరమూ రాదు.

స్క్రీనింగ్ యంత్రం కుర్రవాళ్ళను ఫెయిల్ చేస్తోంది

యంత్రంలోకి తొంగి చూస్తున్నప్పుడు బొమ్మ దగ్గరలోనే ఉందనుకుని కన్ను దగ్గరికి సర్దుకుంటుంది. దాంతో దూరపు చూపు తక్కువగా నమోదవుతుంది. అలాంటివారికి గోడ చార్టుతో మళ్ళీ చూడండి. అప్పటికీ తక్కువే వస్తే సన్నరంధ్రం ఉన్న మూత పెట్టి చదివించండి. చూపు మెరుగైతే సాధారణంగా అద్దాలతో సరిపోతుంది. మెరుగుకాకపోతే శుక్లమో, రెటీనా జబ్బో ఉండవచ్చు. కళ్ళద్దాల దుకాణానికి కాదు, కంటి వైద్యుల దగ్గరికే పంపాలి.

ఇషిహారా పుస్తకంలో పాసై, పనిలో రంగులు పొరబడుతున్నారు

రంగు చుక్కల్లో దాగిన అంకెలను చదివించే ఈ పుస్తకం పట్టేది ఎరుపు–ఆకుపచ్చ లోపాన్నే. టోలుయీన్, స్టైరీన్ లాంటి ద్రావకాల ఆవిరి మధ్య ఏళ్ళ తరబడి పనిచేసేవారిలో నీలం–పసుపు తేడా తగ్గవచ్చు. దానికి రంగు బిళ్ళలను వరుసలో పేర్చే డి-15 పరీక్ష కావాలి. పసుపు బల్బు కింద, రంగు అద్దాలతో, ఎండకు వెలిసిన పేజీలతో చేసిన ఇషిహారా పరీక్షను లెక్కలోకి తీసుకోవద్దు. పగటి వెలుతురులో 75 సెంటీమీటర్ల దూరాన పట్టుకోవాలి. అంకెలు రానివారికి వేలితో గీత వెంట వెళ్ళే పేజీలు అందులోనే ఉన్నాయి.

ఇషిహారాలో తప్పినంత మాత్రాన మనిషిని పనిలోంచి తీయవద్దు. అది జల్లెడే. ఆయన రోజూ కలిపే తీగలనే ముందు పెట్టి వేరుచేయమనండి. సిగ్నల్ చూసి నడిపే పనికైతే రంగుల గుర్తింపు కచ్చితంగా ఉండాలి. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రైళ్ళు ఢీకొన్న తరువాతే శరీరశాస్త్రవేత్త హోల్మ్‌గ్రెన్ రంగురంగుల ఉన్ని పోగులతో రైల్వే సిబ్బందికి రంగుల పరీక్ష మొదలుపెట్టారు. మన రైల్వేల్లో రంగు దీపాలను గుర్తించమనే లాంతరు పరీక్ష ఉంది.

ఫోర్క్‌లిఫ్ట్ ఎప్పుడూ ఒకే పక్క గుద్దుకుంటోంది

గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) పక్కచూపును తినేస్తున్నా 6/6 అలాగే ఉండవచ్చు. ఎదురుగా కూర్చుని, ఒక్కో కన్ను మూయించి, పక్కల నుంచి వేళ్ళు కదిలిస్తూ ఎప్పుడు కనిపించాయో అడగండి. లోతును అంచనా వేసే పరీక్షా చేయండి. క్రేను, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి 45 ఏళ్ళ వరకు ఏడాదికోసారి, ఆపై ఆరు నెలలకోసారి కంటి పరీక్ష జరగాలని చాలా రాష్ట్రాల ఫ్యాక్టరీ నిబంధనల్లో ఉంది.

అద్దాలు ఇచ్చినా పెట్టుకోవడం లేదు

మా టర్నర్ విషయంలో ఇదే జరిగింది. కళ్ళజోడు మీద సేఫ్టీ గాగుల్స్ పెడితే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు, అందుకని ఏదో ఒకటి తీసేసేవారు. ఆయన కంటి పవర్‌తోనే సేఫ్టీ అద్దాలు చేయించాం. పవర్ రాయించేటప్పుడు చీటీలో "పని దూరం 35 సెం.మీ." అని చేర్చాను.