ఎగ్జిబిషన్ గుహ రైలులో పాత బొమ్మలు మార్చాలంటే

నేను నెల్లూరులో సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని మూతబడ్డాక ఫైబర్ బొమ్మల్లోకి దిగాను. గుళ్లకి వాహనాలు, హోటళ్ల ముందు దండం పెట్టే బొమ్మలు, ఎగ్జిబిషన్ వాళ్లకి డ్రాగన్ ట్రైన్ తలకాయలు, గుహ రైలు (చీకటి గుహలో బొమ్మల మధ్యనుంచి తిరిగొచ్చే చిన్న రైలు) లోపలి సరంజామా, అన్నీ మా షెడ్డులోనే తయారవుతాయి. ఈ మధ్య గుహ రైళ్ల ఓనర్లు వచ్చి అడిగేది ఒకటే. "అన్నా, లోపల ఆ అడివోళ్ల బొమ్మలుండాయి గదా, పిలకాయలు వీడియోలు తీసి పెడతా ఉండారు, కింద తిట్లు పడతా ఉండాయి. పైపైన రంగు మార్చి ఇయ్యి."

పైపైన రంగు మారిస్తే తిట్లు ఆగవు. ఏం చేస్తే ఆగుతాయో నాకు తెలిసినంతలో చెప్తాను. పెద్ద పార్కులున్న వాళ్లకి కూడా పని వరస ఇదే, డబ్బు ఒక్కటే తేడా.

ముందు లైట్లు వేయండి

రైడ్ ఆపిన రోజు పగటిపూట లోపల ట్యూబులైట్లు పెట్టించి, పట్టాల మీద నడిచి చూడండి. ఎర్ర బల్బు కింద రెండు క్షణాల్లో దాటిపోయే బొమ్మని ఓనరు కూడా ఎప్పుడూ నిదానంగా చూసి ఉండడు. ఒక గుహలో నేను చూసింది చెప్తాను. తొట్టంత బాన, కింద ఎర్ర కాగితం మంట, బానలో టోపీ పెట్టుకున్న దొర. చుట్టూ నలుగురు, బూట్ పాలిష్ నలుపు, ముక్కులో ఎముక, నడుముకి ఆకులు. తర్వాతి మలుపులో గడ్డం, తలపాగా, వంకర కత్తి ఉన్న అరబ్బు దొంగ. ఆ పక్కన గంప నెత్తిన పెట్టుకుని చంటిబిడ్డని ఎత్తుకుపోతున్న ఆడమనిషి. ఆ గంపా, పూసలూ చూస్తే ఎరుకలామె అని ఎవరికైనా తెలుస్తుంది. ఆఖర్న తెల్లచీర కట్టిన విధవరాలు, ఆమె దయ్యం లెక్క.

ఇదే బండి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర నిలబెట్టారనుకోండి. బారాషహీద్ దర్గాకి వచ్చిన ముస్లిం కుటుంబం పిల్లల్ని ఎక్కిస్తుంది. తాత గడ్డంలాంటి గడ్డాన్ని చూసి వాళ్లు భయపడాలన్నమాట, టికెట్ కొనుక్కుని మరీ.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఒక్కో బొమ్మకి మూడు సంగతులు రాయండి: ఎవరిది, ఏం చేస్తోంది, దాన్ని చూసి జనం ఏం చేస్తున్నారు. మూడోది తెలియాలంటే రాత్రి షోలో వెనక పెట్టెలో కూర్చోవాలి. నవ్వుతున్నారా, కేకలేస్తున్నారా, ఫోన్లో మునిగి అసలు చూడనే లేదా? చాలా గుహల్లో జనం అరిచేది బొమ్మకి కాదు. చీకట్లో మెడకి తగిలే తాడుకి, ఉన్నట్టుండి కొట్టే గాలికి. ఓనరు మాత్రం బొమ్మ వల్లే కలెక్షన్ వస్తోందనుకుంటాడు. ఈ ఒక్క ముక్క అతనికి నోటుబుక్కులో చూపిస్తే సగం వాదన తీరిపోతుంది.

మిగతా సగం నవ్వుకి సంబంధించింది. నవ్వు ఎవరి మీద పడుతోందో చూడండి. రైడ్ ఎక్కినవాడి మీద పడితే ఉంచండి. ఊళ్లో ఉండి టికెట్ కొనలేనివాడి మీద పడితే తీసేయండి. నా కొలబద్ద ఇంతే.

పెద్దవాళ్లు ఎలా మార్చారు

అమెరికాలోని డిస్నీల్యాండ్ పార్కు 1955లో తెరిచినప్పటి నుంచీ అందులో జంగిల్ క్రూజ్ అనే పడవ రైడ్ ఉంది. ఖడ్గమృగం తరుముకొస్తే చెట్టుకొమ్మకి ఎగబాకిన సఫారీ జట్టు అందులో పేరున్న సీను. తెల్లదొర పైన భద్రంగా ఉంటాడు, మూటలు మోసే నల్లవాళ్లు కింద. ఇంకోచోట ఎండబెట్టిన మనుషుల తలకాయలు అమ్మే ఆటవికుడు ఉండేవాడు. 2021లో అవి మార్చారు. తలకాయల వ్యాపారి బొమ్మ తీసేశారు. ఖడ్గమృగం, చెట్టు మాత్రం ఉన్నాయి. కొమ్మకి వేలాడేది ఇప్పుడు రకరకాల దేశాల నుంచి వచ్చిన ప్రయాణికుల జట్టు. అంటే పడవలో కూర్చున్నవాడి లాంటివాడే చెట్టెక్కాడు. జనం అదే సీనుకి నవ్వుతున్నారు.

అక్కడే 1967 నాటి సముద్రపు దొంగల రైడ్ ఉంది. అందులో ఆడవాళ్లని వరసగా నిలబెట్టి పెళ్లాలుగా వేలం వేసే సీను ఉండేది. 2018లో ఆ వేలంలోకి దోచుకొచ్చిన సరుకు వచ్చింది. ఎర్రజుట్టు అమ్మాయి అమ్ముడుపోయే వరసలోంచి బయటికొచ్చి తనే తుపాకీ పట్టిన దొంగ అయింది. ఆ రైడులోనే మరోచోట దొంగలు ఆడవాళ్లని తరిమే బొమ్మలని 1997లోనే సవరించారు, అయినా వేలం జోలికి ఇంకో ఇరవై ఏళ్ల దాకా పోలేదు. తిట్లు పడ్డ బొమ్మొక్కటే మార్చి చేతులు దులుపుకుంటే ఇలాగే మళ్లీ మళ్లీ షట్టరు దించాల్సొస్తుంది. చేసేటప్పుడే గుహ మొత్తం చూసుకోండి.

మన ఓనర్లకి పనికొచ్చే ఉదాహరణ నెదర్లాండ్స్‌లోది. ఎఫ్టెలింగ్ పార్కులో 1988 నుంచి ఒక రైడ్ ఉండేది. జనం వంట బానల్లో కూర్చుని గిరగిరా తిరుగుతారు, మధ్యలో నరమాంసం వండే వంటవాడు. 2022కల్లా అదే తిరుగుడు రైడుకి సముద్రం, తుపాను, పడవలు వచ్చాయి, పేరూ మారింది. మోటారు పారేయక్కర్లేదు, పట్టాలు పీకక్కర్లేదు. ఖర్చు అనగానే లేచిపోయే ఓనరుని కూర్చోబెట్టడానికి నేను వాడే మాట ఇదే.

ఏది ఉంచాలి, ఏది పగలగొట్టాలి

ముందు చెప్పిన గుహలో బానని ఉంచేశాం. పక్కనున్న నలుగురినీ, లోపలి దొరనీ తీసేశాం. చుట్టూ ఎలుగుబంట్లు పెట్టాం, ఒకటి గరిటె తిప్పుతుంది, ఒకటి ఉప్పు చూస్తుంది. నల్లమల ఎలుగుబంటికి మూతి తెల్లగా పొడుగ్గా ఉంటుంది, ఎదురు రొమ్ము మీద తెల్ల గీత ఉంటుంది, అది తప్పకుండా వేయించండి. బాన వెనక వంపు తిరిగిన అద్దంలాంటి యాక్రిలిక్ షీటు బిగించాం. గాజు వద్దు, పగిలితే పిల్లల కళ్లకి ప్రమాదం. రైలు మలుపు తిరిగేసరికి బానలో ఉడుకుతున్నది తమ మొహాలే అని ఎక్కినవాళ్లకి కనపడుతుంది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాడు కూడా తలెత్తుతాడు.

ఒక హెచ్చరిక. "అవే బొమ్మలకి తోక తగిలించి కోతులు చేసెయ్, పనైపోద్ది" అని ఒక ఓనరు అడిగాడు. చేయనన్నాను. మనిషిగా ఉన్నదాన్నే కోతిగా మార్చడం మొదటిదానికంటే పెద్ద అవమానం, పాత వీడియో చూసినవాడు ఇట్టే పట్టేస్తాడు.

గంప ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మని మాత్రం బాగుచేసే ఆలోచనే పెట్టుకోవద్దు, పగలగొట్టండి. బ్రిటిష్ వాళ్లు 1871లో ఉత్తరాదిన తెచ్చి, 1911లో మన మద్రాసు వైపుకీ వర్తింపజేసిన నేరస్త తెగల చట్టం కింద ఎరుకల వాళ్లని పుట్టుకతోనే నేరస్తుల జాబితాలో రాశారు. మన కావలిలోనే వాళ్లని పెట్టి కాపలా కాసిన సెటిల్‌మెంటు నడిచింది. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. "బువ్వ తినకపోతే ఎరుకలామె ఎత్తుకుపోతుంది" అనే బెదిరింపు పోలేదు. ఆ బెదిరింపుకి ఫైబర్ పోసి నిలబెట్టిందే ఈ బొమ్మ. మంచిమాటతో వినకపోతే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉందని, నలుగురి ముందు కావాలని అవమానిస్తే కేసవుతుందని ఓనరుకి గుర్తు చేయండి.

విధవరాలి దయ్యాన్నీ తీసేయండి. అక్కడ ఏమీ పెట్టకండి. నాలుగు గజాలు కటిక చీకటి, చివర కంప్రెసర్ నుంచి ఒక గాలి దెబ్బ. గుహ మొత్తంలో ఎక్కువ కేకలు అక్కడే లేస్తాయి, ఖర్చు ఒక వాల్వు.

అడివి మనుషులు ఉండాల్సిందే అంటే

కొందరు ఓనర్లకి అడివి అంటే అక్కడ మనుషులు ఉండి తీరాలి. మంచిదే. అయితే ఎవరో ఊరూపేరూ లేని ఆటవికులు కాదు, మన పక్కనున్న వాళ్లని వాళ్లలాగే పెట్టండి. పెంచలకోనలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని చెప్పుకుంటాం, ఆమెకి పసుపు కుంకుమలతో దండం పెడతాం. అదే చెంచుల ఆడబిడ్డకి గుహలో ముక్కులో ఎముక గుచ్చడం ఏం న్యాయం?

చెంచులైతే యర్రగొండపాలెం, దోర్నాల వైపు వెళ్లి అడగండి. యానాదులైతే దూరం పోనక్కర్లేదు, నెల్లూరు చుట్టుపక్కల కాలనీలున్నాయి. వెళ్లేటప్పుడు తయారైన బొమ్మ తీసుకెళ్లకండి. బొమ్మ చూపిస్తే మొహమాటానికి "బాగుంది సార్" అనేస్తారు. పెన్సిలు గీత తీసుకెళ్లండి, చెరిపేలా ఉండాలి. నేను యానాది కాలనీలో ఒక పెద్దాయనకి ఇలాంటి గీతే చూపిస్తే ఆయన నడుము దగ్గర వేలు పెట్టాడు.

"ఈ ఆకులేంది అబ్బయా? మేం లుంగీ కట్టుకుంటాం. వల ఇసిరేటప్పుడు పైకి మడిచి కడతాం, అంతే."

తర్వాత ఆయనే లేచి వల విసరడం చూపించాడు. వల అంచు ఒకవైపు మోచేతి మీద, ఇంకోవైపు భుజం మీద, నడుము కుడికి తిరిగి ఉంది. నా గీతలో మనిషి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, అలా అయితే వల వాడి నెత్తినే పడుతుంది. అక్కడే చెరిపి గీసుకున్నాను. ఇలాంటి సాయానికి రోజు కూలీ లెక్కన డబ్బులివ్వండి, టీ తాగించి వచ్చేయకండి. బొమ్మ పక్కన పేరు రాయాలంటే ఏమని రాయాలో కూడా వాళ్లనే అడగండి.

షెడ్డులో పని

ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టుకోండి. అక్టోబరు నుంచి మనకి వానలు, తేమకి జెల్‌కోట్ (ఫైబర్ మీది పైపూత) జిగటగా ఉండిపోతుంది, పెయింటు తెల్లబడుతుంది. మేలో చేసేటట్టయితే తెల్లారుజామునే మొదలెట్టండి.

ఉంచుకునే బొమ్మ ఒళ్లు బాగుండి చెయ్యో మొహమో మార్చాలంటే, గ్రైండరుతో ఆ ముక్క కోసేయండి. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా లేకుండా ఫైబర్ కోయొద్దు, దురద రెండు రోజులు వదలదు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అతుకు పెట్టే చోట పాత రంగు మీద రెసిన్ (ఫైబర్‌ని గట్టిపరిచే జిగురు) పూస్తే ఊడొస్తుంది. లోపలి ఫైబర్ కనపడేదాకా అరగదీసి, ఎసిటోన్‌తో తుడిచి, అప్పుడు 450 గ్రాముల మ్యాట్ (గాజునార గుడ్డ) రెండు పొరలు వేయండి. కిలో రెసిన్‌కి హార్డెనర్ 10 నుంచి 20 మిల్లీలీటర్లు, ఎండాకాలం తక్కువ, చలికాలం ఎక్కువ. రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్టుని ముందే రెసిన్‌లో బాగా కలిపి ఉంచుకోండి. కోబాల్టునీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోశారంటే పేలుతుంది. కుర్రాళ్లకి ఈ మాట రోజూ చెప్పాలి. తర్వాత లప్పం, 80 నంబరు నుంచి 400 దాకా వాటర్ పేపరు, ప్రైమరు, రంగు.

మొహం దగ్గర నిదానించండి. పాత బొమ్మల్లో మనిషి వెర్రివాడిలా కనపడేది కళ్ల వల్లే. నల్లగుడ్డు చుట్టూ నాలుగువైపులా తెలుపు వదిలి ఉంటారు. పైరెప్ప కొంచెం కిందికి దించి గుడ్డు పైభాగాన్ని కప్పండి, కిందిరెప్ప గుడ్డుని తాకనివ్వండి. ఆ కాస్త మార్పుకే బొమ్మ మనిషవుతుంది. తెలుపు నిండు తెలుపు కాకుండా చుక్క పసుపు కలపండి. పెదాలకి ఎరుపు వద్దు, ఒంటి రంగునే రెండు ఛాయలు ముదర చేస్తే చాలు. ఒంటి రంగుకి నల్లడబ్బా తెరవనే వద్దు. బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), కొంచెం తెలుపు, ముదరకి చుక్క నీలం. నుదురు, భుజాలు ఎండకి ఎక్కువ కమిలి ఉంటాయి, అరచేతులు లేతగా ఉంటాయి. ఒకే రంగు స్ప్రే కొట్టేస్తే ఎంత మంచి మొహమైనా మళ్లీ దిష్టిబొమ్మే.

బిగించేముందు

గుహలో నేల మీద నిలబెట్టే బొమ్మలైతే బరువు సమస్య లేదు. కొలంబస్ పడవ, జెయింట్ వీల్ లాంటి ఊగే, తిరిగేవాటికి తగిలించే బొమ్మ మారిస్తే మాత్రం పాతదీ కొత్తదీ తూకం వేయండి, ఫిట్టరు సరేననకుండా బోల్టు బిగించొద్దు. గుహలో ఇంకో పని చేయండి. రైలు పెట్టెలో ఒక పొడుగాటి మనిషి చేతులు బారజాపితే ఎంత దూరం అందుతుందో అంత వెడల్పున పేళ్లతో చట్రం కట్టి, దాన్ని పెట్టెకి బిగించి ఒక చుట్టు నెమ్మదిగా తోయించండి. చట్రం ఎక్కడైనా గీసుకుంటే ఆ బొమ్మ వెనక్కి జరపాలి.

పాటలు, అరుపులు మర్చిపోతారు. పాత పెన్‌డ్రైవులో "హుయ్యా హుయ్యా" అనే ఆటవికుల గోల అలాగే ఉంటే ఎలుగుబంట్లు పెట్టి లాభం లేదు. మైకు పట్టుకునే కుర్రాడికి కూడా కొత్త మాటలు రాసివ్వండి. బొమ్మలు మారినా వాడు గేటు దగ్గర "రండి బాబూ, నరమాంస భక్షకుల గుహ" అని అరుస్తూనే ఉంటాడు, వాడి నోటికి అదే అలవాటు. "ఈ రోజు వంట ఎవరితోనో లోపలికొచ్చి చూసుకోండి" అని రాసిచ్చాం, వాడికీ నచ్చింది.

తీసేసిన బొమ్మల్ని తగలబెట్టొద్దు, ఫైబర్ పొగ విషం. గ్రైండరుతో ముక్కలు చేసి మునిసిపాలిటీ వాళ్లకి చెప్పి యార్డుకి పంపండి. అచ్చులు కూడా పగలగొట్టండి. అచ్చు ఉంటే సీజను ముందు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "అన్నా, ఆ పాత సెట్టు నాలుగు ముక్కలు పోసిస్తావా, ఇంకో జిల్లాలే, ఎవరికీ తెలవదు" అని. అచ్చు లేదని చెప్పి, ఎలుగుబంట్ల ఫోటో పంపించండి.